హెడ్‌సెట్ పెడితే తల తిరగడం తగ్గుతుందా? అపోహలు - వాస్తవాలు

గాజువాక నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మా గదిలో వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు తొడిగితే చుట్టూ కంప్యూటర్ బొమ్మల లోకం కనిపించే పరికరం) చూడగానే రెండడుగులు వెనక్కి వేసింది. "ఏటి బాబూ, ఉత్తప్పుడే తిరుగుతున్న తలకి ఇది తగిలిస్తే ఇంకేటవుద్ది?" అంది. న్యాయమైన ప్రశ్న. విశాఖలో బ్యాలెన్స్ సమస్యలకు ఫిజియోథెరపీ చేస్తున్న నన్ను చాలామంది ఇదే అడుగుతారు. ఇంకొందరు "ఆ వీఆర్ ఏదో పెట్టండి, వెంటనే తగ్గిపోతుందట కదా" అంటూ వస్తారు. ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

అపోహ: తల తిరిగేవాళ్లకు వీఆర్ పెడితే జబ్బు ముదురుతుంది.

వాస్తవం: మనం తూలకుండా నిలబడాలంటే కళ్లు, లోపలి చెవి, కాళ్లలోని కీళ్లూ కండరాలూ మెదడుకు ఒకే కబురు పంపాలి. ఒక చెవిలోని బ్యాలెన్స్ నరం వాచిందనుకోండి, అటు నుంచి వచ్చే కబురు తప్పుతుంది. మెదడు దాన్ని పక్కనపెట్టి కళ్లనే నమ్ముకోవడం మొదలుపెడుతుంది. అందుకే ఇంట్లో బాగానే తిరిగే మనిషికి జగదాంబ జంక్షన్‌లో నాలుగు వైపుల నుంచీ బళ్లు కదులుతుంటే కాళ్ల కింద నేల జారినట్టు ఉంటుంది. రైతుబజారులో రెండు పక్కలా కూరగాయల రాశులు, మధ్యలో తోసుకుపోయే జనం. అక్కడా అంతే. భయపడి బయటికి వెళ్లడం మానేస్తారు. మానేసిన కొద్దీ మెదడుకు మళ్లీ నేర్చుకునే అవకాశం పోతుంది.

హెడ్‌సెట్ చేసే పని ఆ బజారును గదిలోకి తేవడం. నిజం బజారులో జనాన్ని తగ్గించలేం, ఇక్కడ తగ్గించగలం. వేగం తగ్గించవచ్చు, ఒక్క బటన్‌తో ఆపేయవచ్చు. మొదటిరోజు కుర్చీలో కూర్చోబెట్టి రెండు నిమిషాలే చూపిస్తాను. తల తిరుగుడు సున్నా నుంచి పది వరకు ఎంతుందో ముందే అడిగి, మధ్యలో మళ్లీ అడుగుతాను. కొంచెం పెరగాలి, అప్పుడే మెదడుకు పని తగిలినట్టు. ముందు చెప్పినదాని కంటే రెండు మూడు అంకెలకు మించి పెరిగితే ఆపేస్తాను. పావుగంటలో అది మళ్లీ మామూలుకు రాకపోతే తప్పు పేషెంటుది కాదు, నేనిచ్చిన డోసుది. మర్నాడు తగ్గిస్తాను.

ఆ పెద్దావిడ మొదటిరోజు నా మణికట్టు గట్టిగా పట్టుకుని కూర్చుంది. బొమ్మలో ఎవరైనా పక్క నుంచి వస్తే మెడ తిప్పేది కాదు, నడుముతో సహా మొత్తం తిరిగేది. నేను చూసేది అదే. నాలుగో వారంలో ఒకరోజు ఎడమ పక్క కొట్టు వైపు తల ఒక్కటే తిప్పింది. తిప్పినట్టు ఆవిడకే తెలియలేదు. ఆరోజు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

అపోహ: తల తిరిగే ప్రతివారికీ వీఆర్ కావాలి.

వాస్తవం: అవసరం లేదు, ఈ విషయంలో నాకు బాధ కూడా ఉంది. మంచం మీద పక్కకు ఒత్తిగిల్లినప్పుడో, పైకి చూసినప్పుడో ఒక నిమిషం లోపు గిర్రున తిరిగి ఆగిపోతుంటే, చాలాసార్లు అది చెవిలోని కాల్షియం రేణువులు చోటు తప్పి అర్ధచంద్రాకార గొట్టాల్లోకి చేరడం వల్ల వచ్చేది. దీన్ని బీపీపీవీ అంటారు. పడుకోబెట్టి తలను వరుసగా కొన్ని కోణాల్లో తిప్పే ఎప్లీ పద్ధతితో ఎక్కువమందికి ఒకటి రెండు సార్లకే తగ్గుతుంది. అలాంటివాళ్లు ఇంకోచోట పది వీఆర్ సెషన్లకు డబ్బు కట్టి, తగ్గక నా దగ్గరకు వచ్చారు. ఒక్కసారైనా పడుకోబెట్టి పరీక్ష చేసినవాళ్లు లేరు. ముందు ఆ పరీక్ష అడగండి.

అపోహ: ఇదంతా మెడ ఎముకల అరుగుదల, కాలర్ వేసుకుంటే చాలు.

వాస్తవం: చాలామందిలో కారణం మెడ కాదు. కాలర్ తల కదలనివ్వదు, కానీ చెవి సమస్యలో తల కదిపితేనే మెదడు సర్దుకుంటుంది. తల తిరుగుడు మాత్రలూ అంతే. వాంతులతో లేవలేని మొదటి రెండు మూడు రోజుల్లో అవసరం. నెలల తరబడి వాడితే మెదడు నేర్చుకోవడం మందగిస్తుంది. అలాగని మీ అంతట మీరు మానకండి, రాసిన డాక్టరు గారినే అడగండి.

తల తిరుగుడు హఠాత్తుగా వచ్చి, దాంతోపాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, చెయ్యి కాలు పట్టు తప్పినా, అసలు నిలబడలేకపోయినా అది స్ట్రోక్ కావచ్చు. ఫిజియోథెరపీ సంగతి పక్కనపెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.

అపోహ: వీఆర్ లేకపోతే వైద్యమే లేదు.

వాస్తవం: తల తిరుగుడుకు మేం చేయించే వ్యాయామాలు 1940లలో ఇంగ్లండ్‌లో కాథోర్న్, కుక్సీ అనే డాక్టర్లు మొదలుపెట్టినవి. అప్పుడు ఏ హెడ్‌సెట్ ఉంది? మామూలు వ్యాయామాల కంటే వీఆర్ అందరికీ మేలని తేలలేదు కూడా. కాగితం మీద పెద్దగా 'అ' రాసి గోడకు అంటించి, దాని మీద చూపు నిలిపి తల అటూ ఇటూ తిప్పమంటాను. అక్షరం చెదరకూడదు. కొత్తగా వచ్చిన సమస్యకు రోజు మొత్తం మీద 12 నిమిషాలు, పాతదైతే 20. వీఆర్ ఉన్నా ఇది తప్పదు.

మన ఊరివాళ్లకు ఇంకొక సౌకర్యం ఉంది. ఆర్‌కే బీచ్ ఇసుక బ్యాలెన్స్ వ్యాయామాల్లో కాళ్ల కింద మేం వేసే మెత్తటి ఫోమ్ లాంటిదే, అడుగు కింద స్థిరంగా ఉండదు. ఎదురుగా అలలు కదులుతూనే ఉంటాయి. గదిలో కుదురుకున్నాక పొద్దున్నే, నీళ్లకు దూరంగా, పక్కన ఒకరు చెయ్యి పట్టుకుని ఉండగా పది అడుగులు వేయిస్తాను. షుగర్ వల్ల పాదాలు తిమ్మిరెక్కేవాళ్లు మాత్రం బూట్లు విప్పకండి.