శ్రీబాగ్‌లో రాసుకున్నది, సీమకు దక్కింది

తిరుపతిలో కాలేజీ అడ్మిషన్లు మొదలైతే తల్లిదండ్రుల నోట ముందుగా వినిపించే మాట 'లోకల్'. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) పరిధి పిల్లలకు 85 శాతం సీట్లన్న నియమం 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో వచ్చింది. దాని వెనకున్న భయం మాత్రం ఇంకా పాతది.

మద్రాసు నుంచి విడిపోయి ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం వస్తే కోస్తావాళ్ల చేతికింద బతకాల్సి వస్తుందేమోనని సీమ నాయకులు జంకారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం అనంతపురానికి రాక వాల్తేరులో స్థిరపడటం ఆ అనుమానాన్ని పెంచింది. ఆ భయం తీర్చడానికే 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో రెండు ప్రాంతాల పెద్దలు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. కడప కోటిరెడ్డి, భోగరాజు పట్టాభి సీతారామయ్య అందులో ఉన్నారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో సీమకూ నెల్లూరుకూ మొదటి హక్కు అందులోని ముఖ్యమైన మాటలు. రాజధాని, హైకోర్టు ఒకేచోట పెట్టకూడదు, వాటిలో ఏది కావాలో కోరుకునే హక్కు సీమది.

చిత్తూరు ఇందులో కాస్త వేరు. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చిన దత్త మండలాలలో మదనపల్లె వైపు ఉంది కానీ, చిత్తూరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటువి. 1911లో అన్నీ కలిపి జిల్లా చేశారు. తమిళనాడు అంచున ఉండే మాకు సీమతో కలిసి నడవడమే దారి అయింది.

1953లో కర్నూలు రాజధాని అయింది, 1954లో తిరుపతికి ఎస్వీయూ వచ్చింది. 1956లో రాజధాని హైదరాబాదుకు పోయింది. అసలు నష్టం అక్కడే జరిగిందని నేననుకుంటాను. విశాలాంధ్రలో తెలంగాణకు రాజ్యాంగం 371వ అధికరణ కింద ప్రాంతీయ సంఘం దక్కింది, తమ ప్రాంతానికి సంబంధించిన కొన్ని బిల్లుల మీద అక్కడి ఎమ్మెల్యేలే చర్చించేవారు. సీమకు అలాంటి సంఘమేదీ పెట్టలేదు. శ్రీబాగ్ పెద్దమనుషుల మాటగానే మిగిలింది, ఏ చట్టంలోకీ ఎక్కలేదు. కోర్టులో చూపించడానికి కాగితం లేదు. 1973లో చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యమిచ్చే ఆరు సూత్రాల పథకం వచ్చాక ఆ ప్రాంతీయ సంఘం కూడా పోయింది, సీమకు మిగిలింది లోకల్ సీటు, లోకల్ ఉద్యోగం.

2014లో తెలంగాణ విడిపోయాక పాత మాటలు మళ్లీ లేచాయి. హైకోర్టును కర్నూలుకు ఇస్తామన్న 2020 చట్టం మరుసటి ఏడాదే రద్దయింది. నీళ్ల సంగతి చూస్తే, కృష్ణా నీళ్లు సీమకు తేవాల్సిన, పేరులోనే నగరి ఉన్న గాలేరు-నగరి కాలువ ఇంకా నగరి దాకా రాలేదు.