అరచేతిలో చకాడోళా: బరంపురం గోరింటాకు తగువు వెనక

ఆషాఢం దగ్గరపడేసరికి ఒడిశాలోని గంజాం జిల్లా తెలుగు ఇళ్లలో ఆ తగువు మళ్లీ మొదలైంది. చేతి మీద దేవుడి ముఖం వేయించుకోవచ్చా, కూడదా? పెళ్లికూతుళ్లు రాధాకృష్ణులను, శ్రీనివాస పద్మావతులను అడుగుతున్నారు. రథయాత్రకైతే ఆడపిల్లల చేతుల్లో జగన్నాథుడే, ఒడియావాళ్లు చకాడోళా అని పిలుచుకునే గుండ్రటి కళ్ల స్వామి.

గోరింటాకు ఎప్పటిదో, 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురంలో ఇంతమంది తెలుగువాళ్లు ఎందుకున్నారో ఇక్కడ మళ్లీ చెప్పక్కర్లేదు. అసలు మలుపు కోన్ దగ్గరుంది.

ఆకు కోసి రోట్లో రుబ్బిన రోజుల్లో ఈ ప్రశ్నే రాలేదు. ఆ ముద్దతో అరచేతి మధ్య చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకు టోపీలు, అంతవరకే. సన్నటి గీత పడదు, ముఖం అసలే రాదు. ఇప్పుడు రాజస్థాన్‌లోని సోజత్ మెహందీ లాంటి మెత్తటి పొడిని జల్లించి, కలిపి, కోన్‌లో నింపితే గీత దారమంత సన్నగా వస్తుంది. ముందు తీగలు, మామిడి పిందెలు, నెమళ్లు వచ్చాయి. తర్వాత పల్లకీ, అందులో పెళ్లికూతురి ముఖం. మనిషి ముఖం వచ్చిన చేతికి దేవుడి ముఖం ఎంతో దూరం కాలేదు.

మన పంచాంగంలో ఆషాఢ పాడ్యమితో గోరింటాకు నెల మొదలు, మర్నాడు విదియ రథయాత్ర. ఈ రెండూ పక్కపక్కనే పడే ఊళ్లో రెండు పెద్ద గుండ్రటి కళ్ల చకాడోళా చేతిలోకి రావడం సహజమే అనిపిస్తుంది నాకు.

పెద్దవాళ్ల మాట సూటిగా ఉంటుంది. ఆ చేత్తోనే అన్నం కలుపుకుంటాం, అంట్లు తోముతాం. వారం పది రోజుల్లో స్వామి ముఖం వెలిసిపోయి మరకలా మిగులుతుంది. అది అపచారం.

కోన్ పట్టే అమ్మాయిలు దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. చాలామంది అరచేతిలో ముఖం వేయరు, మణికట్టుకు పైన వేస్తారు. అరచేతిలోనే కావాలంటే శంఖమో, చక్రమో, నెమలిపింఛమో వేస్తారు. పాదాలకు తీగలు, పారాణి తప్ప దేవుడి గుర్తు ఏదీ ఉండదు. ఈ కట్టుబాట్లు ఎవరూ రాసిపెట్టినవి కావు, పని చేస్తూ వాళ్లే పెట్టుకున్నవి.

వెలిసిపోవడం గురించి వాళ్లు చెప్పేది ఇంకా బలమైనది. పూరీలో జ్యేష్ఠ పున్నమినాడు 108 కుండల నీళ్లతో స్నానం చేయించాక స్వామి ముఖం మీది రంగులు కరుగుతాయి. జ్వరం వచ్చిందని పదిహేను రోజులు అనసరలో, అంటే భక్తులకు కనపడకుండా ఏకాంతంలో, ఉంచుతారు. ఆ రోజుల్లో భక్తులకు బట్ట మీద గీసిన పటచిత్రమే దేవుడు. మళ్లీ రంగులు వేసి, కళ్లు దిద్ది, నేత్రోత్సవం చేశాకే రథం ఎక్కిస్తారు. ఏటా రంగు కరిగి మళ్లీ రంగు వేయించుకునే స్వామికి చేతి మీద వెలిసిపోవడం అవమానమెలా అవుతుంది? పక్కనున్న గజపతి జిల్లా పర్లాకిమిడిలో దశావతారాలు గీసిన గుండ్రటి గంజపా పేకముక్కలు చేసేవారు. అవతారాలను చేతిలో పట్టుకుని ఆడిన సీమ ఇది.

నాకు అసలు భయం ఇంకోచోట ఉంది. ముఖంలో నీడలు, నల్లటి కనుపాపలు రావాలని కొందరు నల్ల కోన్లు అడుగుతున్నారు. గోరింటాకు నలుపు ఇవ్వదు. ఆ నలుపు తరచుగా జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం వల్ల వస్తుంది. అది పడని చర్మం మీద బొబ్బలెక్కి, గీసిన బొమ్మ ఆకారంలోనే మచ్చ మిగలొచ్చు. అపచారం గురించి ఇంత టెన్షన్ పడే ఇళ్లలో కోన్ మీద ఏం రాసుందో చదివేవాళ్లు తక్కువ.

ఈ ఏడాది తగువుకు ఇంకో ముడి పడింది. మంచి గోరింటాకు పూర్తిగా పండడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. విదియకు ఎర్రగా ఉండాలంటే అమావాస్య రాత్రే పెట్టుకోవాలి. అమావాస్యనాడు శుభమా అని అమ్మమ్మలు అడుగుతున్నారు. ఇంచుమించు ఆ వేళకే పూరీలో స్వామికి కళ్లు దిద్దుతారని మనవరాళ్లు అంటున్నారు.