పొట్టివాడి చేతిలో బంతి

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్లకు హనుమకొండ నుంచి తాత ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోనులో మన చిన్నది అడిగిన ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎండకాలం శిబిరంలో పొట్టిగా ఉన్నదని దానిని బాస్కెట్‌బాల్ జట్టులోకి తీసుకోలేదట. "పొట్టివాళ్లు ఆ ఆట ఆడనే ఆడరా, తాతా?" అని అడిగింది. పది అడుగుల ఎత్తున ఇనుప వలయం బిగించి, అందులో బంతి వేయమనే ఆట పొడుగువాళ్లదే కదా అని నాకూ ఒక క్షణం అనిపించిన మాట నిజం. రాత్రి పడుకున్నాక మగ్సీ బోగ్స్ గుర్తుకు వచ్చారు.

ఆయన అసలు పేరు టైరోన్. 1965లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, పేదల వాడలో పుట్టారు. ఐదేళ్లప్పుడు వీధిలో పేలిన తుపాకి రవ్వలు ఒంటికి తగిలాయి, పన్నెండేళ్లప్పుడు తండ్రి జైలుకు వెళ్లాడు. ఆ కష్టాలను నేను ఇక్కడ పొడిగించను. ఆయన ఎత్తు ఐదడుగుల మూడంగుళాల దగ్గరే ఆగిపోయింది. అమెరికాలో బాస్కెట్‌బాల్‌కు అన్నిటికంటె పెద్ద పోటీ అయిన ఎన్‌బీఏ చరిత్రలో అంతకంటె పొట్టి ఆటగాడు లేడు. అయినా 1987లో జట్లన్నీ వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, వాషింగ్టన్ జట్టు ఆయనను మొదటి విడతలోనే, పన్నెండో ఆటగాడిగా ఎంచుకున్నది. అదే జట్టులో ఏడడుగుల ఏడంగుళాల మనూట్ బోల్ ఉండేవారు. ఇద్దరూ పక్కపక్కన నిలబడిన ఫొటో చూస్తే నవ్వు ఆగదు, కానీ నవ్వి ఊరుకోకండి.

పొట్టివాడు ఎట్లా ఆడాడంటారా? అది చెప్పాలంటే నేను కొత్తవాడలోని మా పాత ఇంటికి పోవాలి. గుంత మగ్గంలో కూర్చుని మా బాపు కాళ్లతో పలకలు తొక్కుతుంటే పడుగు, అంటే నిలువు పోగులు, కొన్ని పైకి, కొన్ని కిందికి విడిపోయేవి. ఆ సందులోంచి దారం కండె పెట్టిన జానెడు నాడె ఇటు నుంచి అటు దూసుకుపోయి పేక, అంటే అడ్డ పోగును పరిచి వచ్చేది. పోగు తెగినప్పుడల్లా బాపు నన్నే పిలిచేవాడు, ఎందుకంటే మా అన్నకు పడుగు కింద దూరే వీలు లేదు. నేను పాకుతూ పోయి, తెగిన కొసను రెండు వేళ్లతో పట్టుకొని పైకి అందించేవాణ్ని, మా అన్న మాత్రం గడపలో నిలబడి చూసేవాడు. ఆ గర్వం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆటస్థలంలో పొడుగువాళ్లు పడుగు, బోగ్స్ నాడె. బంతిని ఆయన చాలా కిందనే, నేలకు దగ్గరగా కొడుతూ నడిపేవారు. అంత తక్కువ ఎత్తున బంతి నేలను తాకి మళ్లీ చేతికి రావడానికి పట్టే సమయమూ తక్కువే, కాబట్టి ఎదుటివాడు నడుము వంచి చెయ్యి చాపేసరికి అది అక్కడ ఉండదు. అదే పొడుగువాడు బంతిని నడుము దాకా దించితే, అది సరిగ్గా ఈయన ఛాతీ ముందుకే వస్తుంది! అట్లా లాక్కున్న బంతులు 1,369. నాడె తన కోసం గుడ్డ నేసుకోనట్లే ఈయన కూడా పక్కవాడు బుట్టలో వేసేలా 6,726 సార్లు బంతిని అందించారు. ఆ పని చేస్తూ ఎదుటివాళ్లకు బంతి పోగొట్టుకున్న సందర్భాలు అందులో నాలుగో వంతు కూడా లేవు. అయితే ఆయన స్వయంగా సాధించిన పాయింట్లు కూడా 6,858 ఉన్నాయి గనుక నా పోలిక ఇక్కడ కొంత చెడింది. పోలికను ఎక్కువ సాగదీస్తే పోగులాగే తెగుతుందని మీ బాపమ్మ పక్కనుంచి అంటున్నది.

1988లో కొత్తగా పుట్టిన షార్లెట్ హార్నెట్స్ జట్టులో చేరి, బంతి నడిపించే బాధ్యత ఏళ్ల తరబడి ఆయనే మోశారు. 1993 ఏప్రిల్‌లో ఏడడుగుల ప్యాట్రిక్ యూయింగ్ వేయబోయిన బంతిని కూడా ఒకసారి అడ్డుకున్నారు. ఎట్లా అడ్డుకున్నారో నేను వివరించలేను, వీడియో వెతికి మీరే చూడండి, నేను మూడుసార్లు చూశాను. పద్నాలుగు సీజన్లు ఆడి, 2001తో ఆట ముగించి, తర్వాత షార్లెట్‌లోనే మహిళల జట్టుకు శిక్షకుడయ్యారు. ఎత్తు కొలిచే టేపుతో ఆటను కొలవడం పెద్దవాళ్ల బద్ధకం తప్ప మరొకటి కాదని మాత్రం నా గట్టి నమ్మకం.

ఇప్పుడు నువ్వు చేయవలసిన పని ఒకటి ఉన్నది, చిన్నదానా. మేడ మీదికి పోయి, బంతిని మొదట నడుము ఎత్తున, తర్వాత మోకాలి ఎత్తున కొడుతూ, కళ్లు మూసుకొని చప్పుడు విను. రెండు చప్పుళ్ల మధ్య ఎడం ఎట్లా మారిందో నాకు రాయి. దసరాకు మీరు వచ్చేసరికి బాపు నాడెను అటక మీది నుంచి దింపి పెడతాను. దాని కొన ఎంత నున్నగా అరిగిందో మీ వేళ్లతో తడిమి చూద్దురుగాని.

మీ తాత