నల్ల ఇసుక గొడవకి మూలం 1976లో ఉంది

భీమిలి తీరంలో ఇసుక తవ్వకాల మాట మళ్ళీ లేచింది. లేచిందే తడవు తవ్వాలనేవాళ్ళూ వద్దనేవాళ్ళూ కేరళనే సాక్ష్యానికి పిలుస్తున్నారు. అక్కడి తీరపు ఇసుకలోనూ మోనజైట్ అనే ఖనిజం ఉంది; అందులోని థోరియం (అణు ఇంధనానికి పనికొచ్చే లోహం) వల్ల సహజంగానే రేడియేషన్ వస్తుంది. 'అక్కడ తరతరాలుగా బతకట్లేదా?' అని ఒకరు, 'అక్కడి పిల్లల సంగతి చూడండి' అని ఇంకొకరు. థోరియం దేశానికి ఎందుకు కావాలి, మోనజైట్ ఎవరు కనిపెట్టారు అన్నవి అందరూ విన్నవే. తెలుసుకోవాల్సింది 1976లో 'నేచర్' సైన్సు పత్రికలో వచ్చిన ఒక చిన్న పరిశోధన పత్రం గురించి. దాని రచయితలు నలుగురిలో ఒకరు వులిమిరి రామలింగస్వామి. పుట్టింది శ్రీకాకుళంలో, డాక్టరీ చదివింది విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో.

అప్పటికాయన ఎయిమ్స్ డైరెక్టర్. పేరు తెచ్చింది రేడియేషన్ కాదు, గాయిటర్ (అయోడిన్ లోపంతో గొంతు వాచే జబ్బు). 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చి, ఏళ్ళ తరబడి జనం గొంతులు పరీక్షించారు. రెండు చోట్ల మనుషుల్ని పక్కపక్కన పెట్టి చూడటమే ఆ పద్ధతి. కేరళలోనూ అదే చేశారు. మోనజైట్ ఉన్న ఊళ్ళలో 12,918 మందిని, లేనిచోట 5,938 మందిని చూశారు. మొదటి చోట డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే జన్యు లోపం) ఉన్నవాళ్ళు 12 మంది తేలారు. రెండోచోట ఒక్కరూ లేరు.

అణుశక్తి శాఖకి ఇది మింగుడుపడలేదు. పోలిక సరిగ్గా కుదరలేదని, తల్లి వయసు పెరిగేకొద్దీ డౌన్ సిండ్రోమ్ అవకాశం పెరుగుతుంది కాబట్టి తల్లుల వయసు చూడాలని విమర్శలొచ్చాయి. తర్వాత బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు అక్కడి ఆస్పత్రుల్లో పుట్టిన 1,41,540 మంది శిశువుల్ని పరీక్షించి, చెప్పుకోదగ్గ తేడా లేదని 2013లో ప్రకటించారు. కేరళ తీరంలోనే ఉన్న కరునాగపల్లిలో జరిగిన క్యాన్సర్ అధ్యయనం కూడా ముప్పు పెరగలేదనే తేల్చింది. సంఖ్య పెద్దదే, కాదనలేం. కానీ ఆ శిశువుల లెక్క మొదలైంది 1995లో, ప్రశ్న లేచిన 19 ఏళ్ళకి. పైగా ఆ లెక్క తీసింది అణుశక్తి శాఖ కిందే ఉన్న సంస్థ.

ఇక మన ఒడ్డు. అల వెనక్కెళ్ళాక మిగిలే నల్ల చారల మీద అయస్కాంతం ఆడిస్తే గింజలు గడ్డంలా వేలాడతాయి. అవి మోనజైట్ కాదు. అసలుది వాటి మధ్య ఉండే తేనెరంగు సన్న గింజ, మామూలు ఇసుకే అనుకుంటాం. దాన్లో థోరియం ఆక్సైడ్ దాదాపు 9 శాతం. కంటితో చూసి 'ఏమీ లేదు' అనేవాళ్ళని గానీ, 'అంతా విషమే' అనేవాళ్ళని గానీ నమ్మలేనిది అందుకే.

2019 నుంచి మోనజైట్ ఉన్న తీర ఇసుకని ప్రైవేటు కంపెనీలు తవ్వడానికి లేదు. అంటే తవ్వేది ప్రభుత్వమే, భయం లేదని చెప్పేదీ ప్రభుత్వమే. ఊళ్ళలో ఆరోగ్య లెక్క ముందే తీయకపోతే, పదేళ్ళ తర్వాత ఏ మత్స్యకారుడైనా అనుమానంతో వస్తే దేనితో పోల్చి చూస్తారు?