వదిలేసిన నేలల ఛాయాచిత్రాలు: నేపథ్యం

1867లో అమెరికా ప్రభుత్వం 40వ అక్షాంశం వెంబడి పశ్చిమ భూములను సర్వే చేయించినప్పుడు, భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ కింగ్ నడిపిన బృందంతో పాటు తిమోతీ ఓసులివన్ తన కెమెరా తీసుకుని వెళ్లాడు. ఆ నేలలో ఏ వనరులున్నాయో తెలుసుకునే పనిలో అతని చిత్రాలూ భాగమే. పాడుబడిన నేలల చిత్రాలను చర్చించేటప్పుడు ఈ మొదలును మరవకూడదు. కెమెరా ఆ భూములకు తొలుత వెళ్లింది వాటిని వినియోగంలోకి తేదలచినవారి వెంటే.

అలా వినియోగంలోకి తెచ్చిన నేల ఏమవుతుందో దక్షిణ కాలిఫోర్నియాలోని సాల్టన్ సరస్సు చెబుతుంది. ఎడారిని సాగుచేయడానికి కొలరాడో నది నుంచి తవ్విన కాలువకు 1905లో గండి పడి, 1907లో దాన్ని పూడ్చేదాకా నది నీరు పల్లంలోకి పారడంతో ఆ సరస్సు ఏర్పడింది. 1950లలో దాని ఒడ్డున విహార కేంద్రాలు వెలిశాయి. పొలాల మురుగునీరు చేరడమే తప్ప బయటికి పోయే దారి లేక ఉప్పదనం ఏటేటా పెరిగింది. ఆపైన నీటిమట్టం పెరిగి ఒడ్డునున్న కట్టడాలు మునిగాయి. 1980లలో రిచర్డ్ మిస్రాక్ తీసిన రంగుల చిత్రాల్లో అవి నిశ్చలమైన నీటిలో ఎంతో అందంగా కనిపిస్తాయి. ఆ అందం నన్ను కలవరపెడుతుంది, ఎందుకంటే గండి పడిన కాలువ ఆ చిత్రాల్లో ఎక్కడా లేదు.

అంతకు ముందే, 1975లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఉన్న జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్ అనే ఛాయాచిత్ర మ్యూజియంలో విలియం జెంకిన్స్ ఏర్పాటు చేసిన ప్రదర్శన, మనిషి మార్చిన నేలను అలంకారం లేకుండా చూపే పద్ధతికి పేరు తెచ్చింది. అయితే నిరాడంబరంగా తీసినంత మాత్రాన చిత్రం కారణాన్ని చెప్పదు. 1936 అమెరికా కరవులో ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ ఆర్థర్ రోత్‌స్టీన్ ఒక పశువు పుర్రెను కొద్ది దూరం జరిపి ఫొటోలు తీశాడని పత్రికలు దుమారం రేపాయి. పుర్రె జరిగిన దూరం మీద అంత చర్చ జరిగింది గానీ, గడ్డిభూములను విచ్చలవిడిగా దున్నడం వల్ల నేల ఎలా దెబ్బతిన్నదన్నది పక్కకు పోయింది.

సముద్రమని పిలిచే మధ్య ఆసియా సరస్సు ఆరల్ విషయంలో, కారణం చిత్రంలో కనిపించని ఈ లోపం మరింత స్పష్టం. పత్తి సాగు కోసం సోవియట్ ప్రభుత్వం ఆము దర్యా, సిర్ దర్యా నదులను మళ్లించాక 1960ల నుంచి నీరు వెనక్కి తగ్గింది. ఉజ్బెకిస్తాన్‌లోని మొయ్‌నాక్ రేవులో ఇసుక మీద తుప్పు పట్టిన ఓడల చిత్రాలు లోకమంతా తెలుసు. వాటికి కారణమైన పత్తి చేలు ఎగువన ఎంతో దూరంలో ఉన్నాయి. 2005లో కజకిస్తాన్ కట్టిన కోక్-ఆరల్ ఆనకట్టతో ఉత్తర భాగంలో నీరూ చేపలూ తిరిగి వచ్చాయి, దక్షిణాన మాత్రం ఎండుదల సాగుతూనే ఉంది. చోటు, సంవత్సరం రాయకుండా ‘ఆరల్’ అని మాత్రమే వేసిన చిత్రం ఈ రెండింటిలో దేని గురించో చూసేవారికి తెలియదు.