వంకర స్పెల్లింగుల వెనక కథ: అపోహలు - వాస్తవాలు

పిల్లలను స్పెల్లింగు పోటీలకు తయారు చేయడం నా వృత్తి. నా దగ్గర నేర్చుకునేవారిలో హైదరాబాద్, విజయవాడ పిల్లలూ ఉన్నారు, అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలూ ఉన్నారు. పిల్లలతో నాకు పేచీ లేదు. పేచీ అంతా పెద్దల మనసులో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలతోనే. ఎక్కువగా వినబడేవి ఇవి.

అపోహ: ఇంగ్లీషు స్పెల్లింగుకు తలా తోకా లేదు.

దీనికి రుజువుగా అందరూ చెప్పేది ‘ఘోటి’ కథ. జి-హెచ్-ఓ-టి-ఐ అని రాసి ‘ఫిష్’ అని చదవవచ్చట! ‘ఇనఫ్’లో జి-హెచ్ ‘ఫ’ అవుతుంది, ‘విమెన్’లో ఓ ‘ఇ’ అవుతుంది, ‘నేషన్’లో టి-ఐ ‘ష’ అవుతుంది కాబట్టి. ఈ చమత్కారాన్ని బెర్నార్డ్ షాకు అంటగట్టారు. షా పుట్టింది 1856లో. చార్లెస్ ఆలియర్ అనే ప్రచురణకర్త 1855లో రాసిన ఉత్తరంలోనే ఈ మాట ఉంది.

ఎవరు పుట్టించినా, చమత్కారం నిలబడదు. జి-హెచ్ మాట మొదట్లో వస్తే ‘ఫ’ పలకనే పలకదు, ‘ఘోస్ట్’లో లాగా ‘గ’ మాత్రమే పలుకుతుంది. టి-ఐ ‘ష’ కావాలంటే దాని తర్వాత మరో అచ్చు ఉండాలి, మాట చివర ఆ పప్పులు ఉడకవు. కాబట్టి ఇంగ్లీషులో కట్టుబాటు లేకపోలేదు. ఒకటికి నాలుగు ఉన్నాయి, చిక్కు అక్కడే. సి-హెచ్ చూడండి. ‘చైల్డ్’ పాత ఇంగ్లీషు మాట, ‘చ’ పలుకుతుంది. ‘షెఫ్’ ఫ్రెంచి నుంచి వచ్చింది, ‘ష’. ‘కోరస్’ గ్రీకు మూలం, ‘క’. మాట పుట్టిల్లు తెలిస్తే ఈ మూడింటిలో ఏదో ముందే చెప్పవచ్చు. పోటీ వేదిక మీద పిల్లలు ‘ఇది ఏ భాష నుంచి వచ్చింది?’ అని అడిగేది కాలయాపనకు కాదు.

అపోహ: పలకని అక్షరాలన్నీ ఒకప్పుడు పలికినవే.

సగమే నిజం. యోధుడు అనే అర్థంలో ‘నైట్’ రాసేటప్పుడు మొదట వచ్చే కె, మధ్యలో వచ్చే జి-హెచ్ నిజంగానే ఒకప్పుడు పలికేవి. అప్పు అనే ‘డెట్’లోని బి సంగతి వేరు. ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో బి లేదు. లాటిన్‌లో ‘డెబిటమ్’ ఉంది కదా అని పండితులు తర్వాత చొప్పించారు. ‘డౌట్’లోనూ అదే పని చేశారు. ‘ఐలండ్’లో ఎస్ మరీ అన్యాయం. అది అచ్చమైన పాత ఇంగ్లీషు మాట. ఫ్రెంచి ‘ఐల్’తో ఏ చుట్టరికమూ లేకపోయినా దాని ఎస్ దీనికి అంటుకుంది.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ‘టార్మిగన్’. చలికాలంలో తెల్లబడే ఒక పక్షి పేరు. స్కాట్లండ్ గేలిక్ భాషలోని పేరు టి ధ్వనితోనే మొదలవుతుంది. గ్రీకులో రెక్కను ‘ప్టెరాన్’ అంటారు కాబట్టి ఇదీ గ్రీకు మాటే అయి ఉంటుందని భ్రమపడి ముందు ఒక పి తగిలించారు. ఆ పాండిత్య ప్రకర్షకు ఇప్పటికీ పిల్లలు మార్కులు పోగొట్టుకుంటున్నారు.

అపోహ: క్యూ వెంట యు రావాల్సిందే.

పాత ఇంగ్లీషులో ‘క్వీన్’ను సి-డబ్ల్యుతో మొదలుపెట్టేవారు. నార్మన్లు ఇంగ్లండును గెలిచాక లేఖకులు తమ ఫ్రెంచి అలవాటు ప్రకారం క్యూ-యు చేశారు. అరబీ నుంచి వచ్చిన మాటలకు ఆ అలవాటుతో పని లేదు. ఆ భాషలోని ‘ఖాఫ్’ అక్షరానికి గుర్తుగా క్యూ ఒక్కటే వస్తుంది. ఖతార్, ఇరాక్, నిఖాబ్, ఖవ్వాలీ అన్నీ అలాంటివే. తరగతిలో ఇక్బాల్ అనే పిల్లవాడు ఉంటే ఈ పాఠం వేరే చెప్పనక్కర్లేదు.

అపోహ: ఇంగ్లీషులో అచ్చులు లేని మాటలు ఉన్నాయి.

అచ్చు అక్షరాలు లేవేమో గానీ అచ్చు ధ్వని లేకుండా దాదాపు ఏ మాటా లేదు. ‘సిజిజీ’లో (ఖగోళ వస్తువులు ఒకే వరుసలోకి రావడం) వై మూడుసార్లు వచ్చి అచ్చు పని చేస్తుంది. సి-డబ్ల్యు-ఎం అని రాసే ‘కూమ్’ వేల్స్ భాష మాట. హిమానీనదం తొలిచిన లోయ అని అర్థం. ఆ భాషలో డబ్ల్యు ‘ఊ’ పలుకుతుంది. ఎవరెస్ట్ మీద ఉన్న ‘వెస్టర్న్ కూమ్’కు 1921లో ఆ పేరు పెట్టింది పర్వతారోహకుడు జార్జ్ మాలరీ.

అపోహ: మాట ఎంత పొడవైతే అంత కష్టం.

జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో కనిపించే 45 అక్షరాల ఊపిరితిత్తుల వ్యాధి పేరు గుర్తుందా? ‘న్యూమోనో’తో మొదలై ‘కోనియోసిస్’తో ముగుస్తుంది. 1935లో అమెరికాలోని పజిల్ ప్రియుల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ కేవలం పొడవు కోసం దాన్ని కల్పించాడు. ముక్కలు విడదీస్తే ఊపిరితిత్తి, అతి, సూక్ష్మ, సిలికా, అగ్నిపర్వతం, ధూళి రోగం. సంధి విడదీయడం వచ్చిన తెలుగు పిల్లలకు ఒక్క పూట పని.

అసలు కష్టం చిన్న మాటల్లో దాక్కుని ఉంటుంది. ఇంగ్లీషులో ఊనిక (నొక్కి పలకడం) పడని అచ్చు ఏదైనా చాలావరకు నీరసపడి ఒకే రకమైన ‘అ’గా మారిపోతుంది. దాన్ని ‘ష్వా’ అంటారు. తెలుగులో ప్రతి అచ్చునూ నిండుగా పలుకుతాం కాబట్టి మన చెవికి ఈ మసక ధ్వని కొత్త. ‘గ్రామర్’ చివర ఎ-ఆరా, ఇ-ఆరా? చెవి చెప్పదు. అప్పుడు ఆ మాట బంధువులను పిలవాలి. ‘గ్రమేరియన్’ అనేటప్పుడు ఊనిక ఆ అచ్చు మీదకే జరుగుతుంది, దాక్కున్న ఎ బయటపడుతుంది. ‘డెఫినిట్’లో మధ్య అక్షరం అనుమానమైతే ‘ఫైనైట్’ను తలచుకోవాలి. ఏ బంధువూ లేని అనాథ మాటలు, నిఘంటువు ‘మూలం తెలియదు’ అని చేతులెత్తేసినవి, కొన్ని ఉన్నాయి. ఆరితేరిన పిల్లలు కూడా తప్పేది వాటి దగ్గరే.

అపోహ: ఇదంతా వట్టి బట్టీ.

జ్ఞాపకశక్తి కావాలి, కాదనను. దానితోనే సరిపోదు. అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీలో న్యూయార్క్ తెలుగు కుర్రాడు అరవింద్ మహంకాళి 2011లోనూ 2012లోనూ మూడో స్థానంలో ఆగిపోయాడు. రెండుసార్లూ దెబ్బ కొట్టింది జర్మన్ మూలం ఉన్న మాటలే. ఆ భాషకు దానిదైన పద్ధతి ఉంది. ఇ-ఐ కలిస్తే ‘ఐ’ (జైట్‌గైస్ట్), ఐ-ఇ కలిస్తే ‘ఈ’ (రీస్లింగ్). బడిలో వల్లె వేయించే ‘ఇ కన్నా ముందు ఐ’ సూత్రం ఇక్కడ కొరగాదు. ఆ మాటకొస్తే ‘వియర్డ్’, ‘సీజ్’ దగ్గరా కొరగాదు. 2009లో బ్రిటన్ ప్రభుత్వమే దాన్ని నేర్పవద్దని ఉపాధ్యాయులకు సూచించింది.

2013లో అరవింద్ గెలిచిన మాట ‘క్నేడెల్’. యూదుల వంటల్లో చారులో వేసే ఉండ అది. జర్మన్ నుంచి యిడ్డిష్ మీదుగా వచ్చింది. ‘నైట్’లో మూగబోయిన కె ఇందులో నోరు తెరిచి పలుకుతుంది. జర్మన్ శాపం జర్మన్ వరంగా మారిందని అతను నవ్వుతూ అన్నాడు. 2021 నుంచి ఆ పోటీలో మాటల అర్థాన్ని కూడా అడుగుతున్నారు. బట్టీ వీరులకు అక్కడ చుక్కలు కనిపిస్తాయి.

అపోహ: నిఘంటువులో ఉంటే ఇక తిరుగులేదు.

అదే ‘క్నేడెల్’ను అలా రాయరనీ, ఎ-ఐ స్థానంలో ఇ-వై రావాలనీ న్యూయార్క్‌లోని యిడ్డిష్ పరిశోధన సంస్థ వాదన. పోటీ మాత్రం వెబ్‌స్టర్ నిఘంటువు మాటే చెల్లుతుందంది. ఆ వెబ్‌స్టర్ 1934 ముద్రణలో ‘డోర్డ్’ అనే మాట ఉండేది, అర్థం సాంద్రత. అలాంటి మాటే లేదు! సాంద్రతకు పెద్ద డి గానీ చిన్న డి గానీ గుర్తుగా వాడవచ్చని రాసిన చీటీలో ‘డి ఆర్ డి’ని (ఇక్కడ ఆర్ అంటే ‘లేదా’) కలిపి చదివేశారు. 1939లో గానీ ఎవరూ గమనించలేదు.

అపోహ: మన పేర్లను దొరలు ఇష్టమొచ్చినట్లు పాడుచేశారు.

ఇష్టమొచ్చినట్లు కాదు, వాళ్ల చెవికి తగినట్లు. పాత కడప స్పెల్లింగు సి-యు-డి-డి-ఎ-పి-ఎ-హెచ్. మనకు వింతగా ఉంటుంది గానీ ఇంగ్లీషువాడి కంటితో చూడండి. ‘కట్’, ‘కప్’లలో లాగా హ్రస్వమైన ‘అ’కు గుర్తు యు. దాన్ని హ్రస్వంగానే నిలిపేందుకు డి రెట్టింపు. చివరి అచ్చును నిండుగా పలకమని హెచ్. పండిట్, కర్రీ, పంచ్ అన్నింటిలోనూ ఇదే యు. 2005లో అధికారికంగా స్పెల్లింగు మార్చుకున్నాం, మంచిదే. మన పందికొక్కు వాళ్ల నోట ‘బ్యాండికూట్’ అయింది. కాకినాడ పాత స్పెల్లింగు సి అక్షరంతో మొదలయ్యేది. అందుకే కాకినాడ టౌన్ స్టేషన్‌కు రైల్వే కోడ్ నేటికీ సి-సి-టి.