అబ్‌హార్ అన్న మాట

చిక్కడపల్లి, హైదరాబాద్

చి. బుజ్జికి, చిన్నూకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం భోజనాల దగ్గర బుజ్జి తన క్లాసులో ఒకమ్మాయి గురించి చెబుతూ "ఐ అబ్‌హార్ హర్" అంది. "అంటే ఏంటక్కా?" అని చిన్నూ అడిగితే "హేట్ కంటే పెద్దది" అని ఊరుకుంది. తప్పేం కాదు, కానీ ఆ మాట కడుపులో ఇంకా చాలా ఉంది. చెబుదామనుకునేలోపే మీ నాన్న టైమైందని లేపేశాడు. అందుకే ఈ ఉత్తరం.

బుజ్జీ, దాన్ని 'అభార్' అని కలిపేయకూడదు. బ్ దగ్గర ఆగి హా పలకాలి, ఊనిక రెండో ముక్క మీద పడాలి. ఎందుకంటే లాటిన్‌లో అది రెండు ముక్కల మాట. 'అబ్' అంటే దూరంగా. 'హొర్రేరే' అంటే వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, వణకడం. ఒంటిమీద రోమాలు లేచేంతగా బెదిరి వెనక్కి జరగడం అన్నమాట. హారర్, హారిబుల్ దీనికి తోబుట్టువులే.

చిన్నూ, నాయనమ్మ మాడిన మూకుడుని స్టీలు గరిటెతో గీకుతుంటే నువ్వు చెవులు మూసుకున్నావు, గుర్తుందా? నీ చేతులనిండా ఆవగింజలంత బుడిపెలు లేచాయి. ప్రతి వెంట్రుక కుదురులో ఒక సన్నటి కండరం ఉంటుంది. అది బిగిస్తే వెంట్రుక నిలబడుతుంది. కుక్కని చూసిన పిల్లి ఒళ్లంతా ఉబ్బేది కూడా ఇలాగే.

ఇక నాకు భలే ఇష్టమైన సంగతి. ఆ 'హొర్రేరే', మన సంస్కృతంలోని 'హృష్' ధాతువు ఒకే మూలం నుంచి వచ్చాయని భాషాశాస్త్రం చెబుతుంది. హృష్ అన్నా రోమాలు నిక్కబొడుచుకోవడమే. మన 'హర్షం' అందులోంచే పుట్టింది! ఒకే గగుర్పాటు అక్కడ అసహ్యమైంది, ఇక్కడ ఆనందమైంది. కిందటేడు నిమజ్జనం రోజు ఖైరతాబాద్ గణపతి హుస్సేన్‌సాగర్ వైపు కదులుతుంటే, ఆ డప్పుల మోతలో బుజ్జి నా చెయ్యి పట్టుకుని నిలబడింది. దాని మోచేతి దాకా వెంట్రుకలు లేచి ఉన్నాయి. కళ్లలో నీళ్లు, మొహం నిండా నవ్వు. హర్షం అంటే అది.

అబ్‌హార్‌కి మన మాటల్లో దగ్గరిది జుగుప్స. బీభత్స రసానికి స్థాయీభావం, అంటే ఆ రసానికి పునాదిగా నిలిచే భావం. దాని మూలం 'గుప్', అంటే కాపాడటం. ఒకదాన్నుంచి తనను తాను కాపాడుకోవాలనిపించడమే జుగుప్స. అబ్‌లోని 'దూరంగా' ఇందులోనూ ఉంది చూశారా!

బుజ్జీ, ఆ అమ్మాయి నీ జామెట్రీ బాక్సు అడక్కుండా రెండుసార్లు తీసుకుందన్నావు. నీకు కోపం రావడం న్యాయమే. కానీ ఆ పిల్లను చూసి నీ ఒళ్లు జలదరించిందా? లేదనే నాకనిపిస్తోంది. ఒళ్లు మండింది, అంతే. దానికి కోపం అన్న మాటే సరిగ్గా సరిపోతుంది.

ఇంతకీ బాక్సు తిరిగిచ్చిందా? రాయి.

మీ తాతయ్య